సింగన్న మలుపు తిప్పిన కథ

అనగనగా ఒక అడవి. ఆ అడవి నడుమ ఎర్రవాగు అని ఒక వాగు ఉండేది. ఎండాకాలంలో దాన్ని చిన్న పిల్లలు కూడా మోకాళ్ళు తడవకుండా దాటేసేవాళ్ళు. వానలు పడ్డాయంటే మాత్రం అది వేరే వాగు. ఎర్రటి నీళ్ళతో, విరిగిన కొమ్మలతో, గట్లని కోసుకుంటూ హోరుమని పారేది.

వాగుకి కాస్త ఎగువన ఒక పెద్ద బండ ఉండేది. పాము పడగలాగా ముందుకు వంగి ఉండేది కాబట్టి దాన్ని పడగరాయి అనేవాళ్ళు. ముసురు పట్టిందంటే దుప్పులు, కుందేళ్ళు, అడవిపందులు, ముంగిసలు అన్నీ సాయంత్రానికి దాని కిందికి చేరేవి. ఒళ్ళంతా తడి. కడుపులో ఆకలి. బయట ఉరుములు. పిల్లలకి భయం, పెద్దలకి దిగులు. అలాంటప్పుడు ఏం కావాలి చెప్పండి? ఒక కథ కావాలి.

కథలు చెప్పడానికి అక్కడ సింగన్న ఉన్నాడు. సింగన్న ఒక కొండముచ్చు. నల్లటి మొహం, పొడుగాటి తోక. పడగరాయి కింద ఒక ఎత్తు రాతి మీద కూర్చుని, తోక కిందికి వేలాడేసి మొదలుపెట్టేవాడు. గొంతు పెంచేవాడు కాదు. మెల్లగా చెప్పేవాడు. వినాలంటే అందరూ దగ్గరికి జరగాల్సి వచ్చేది. అలా జరిగీ జరిగీ కుందేలు అడవిపందికి ఆనుకుని కూర్చునేది. ఒకరి వెచ్చదనం ఒకరికి తగిలేది. కథ అయ్యేసరికి సగం భయం పోయేది.

ఆ ఏడు వానలు మొదలైన కొత్తలో సింగన్న ఒక కథ చెప్పాడు.

"ఒక కొండ మీద మేకల మంద ఉండేది. కొండకి అవతల నుంచి అప్పుడప్పుడూ రేచుకుక్కల అరుపులు వినిపించేవి. కానీ మేకల భయం వాటి గురించి కాదు. రోజూ సాయంత్రం ఒక ముసలి చిరుత వచ్చి, మందకి దగ్గరలో ఒక రాతి మీద కూర్చునేది. దాని పళ్ళు అరిగిపోయాయి. పాపం, సెలయేట్లో ఎండ్రకాయలు ఏరుకుని తినేది. మేకల వైపు చూసేది కూడా కాదు. కొండ అవతలికి చూస్తూ ఉండేది. అయినా చిరుత చిరుతే కదా! మేకలకి కంటి నిండా నిద్ర లేదు. ఇది ఎప్పుడు చస్తుందా అని ఎదురుచూసేవి. చివరికి ఒకరోజు చిరుత చచ్చిపోయింది. మేకలు సంతోషంతో గంతులు వేశాయి. పచ్చిక తొక్కి తొక్కి ఆడాయి. ఆ సాయంత్రం..."

సింగన్న ఆగాడు. అందరి వైపూ చూశాడు.

"ఆ సాయంత్రం కొండ దిగి రేచుకుక్కలు వచ్చాయి."

ముందు ఒక ముసలి కుందేలుకి అర్థమైంది.

"అయ్యో! నువ్వు ముందే చెప్పావు కదా సింగన్నా! చిరుత కొండ అవతలికి చూస్తూ కూర్చునేదని చెప్పావు. కుక్కల అరుపులు వినిపించేవనీ చెప్పావు. మేమే పట్టించుకోలేదు. అది మేకల్ని తినడానికి కాదు, కాయడానికి వచ్చేది!"

అప్పుడు అందరి నోళ్ళ నుంచీ ఒక్కసారిగా "ఆఁ!" అని ఒక శబ్దం వచ్చింది.

సింగన్న అంతకు ముందు ఎన్నో కథలు చెప్పాడు. అలాంటి శబ్దం మాత్రం ఎప్పుడూ వినలేదు. దానికి అతని ఒళ్ళు పులకరించింది. మర్నాడు చింతచిగురు తింటున్నా ఆ "ఆఁ" చెవుల్లో మోగుతూనే ఉంది. దాన్ని మళ్ళీ వినాలనిపించింది. ఇంకా గట్టిగా వినాలనిపించింది.

అక్కడి నుంచి సింగన్న కథలు మారిపోయాయి. అంతకు ముందు అతను కథలో ఎవరున్నారు, వాళ్ళకి ఏం కావాలి అని ఆలోచించేవాడు. ఇప్పుడు చివర్లో ఎలా ఉలిక్కిపడేలా చేయాలి అన్నదొక్కటే ఆలోచన.

కొన్నాళ్ళకి ఒక తాబేలు కథ చెప్పాడు. చెరువు ఎండిపోతే ఆ తాబేలు నీళ్ళ కోసం కొండ ఎక్కడం మొదలుపెట్టింది. ఎండకి దాని డొప్ప కాలింది. రాళ్ళకి కాళ్ళు చీరుకుపోయాయి. తోడుగా వచ్చిన చెల్లెలు దారిలోనే కూలబడి ఇక లేవలేదు. తాబేలు చెల్లెలి పక్కన కాసేపు కూర్చుని, ఏడ్చి, మళ్ళీ నడిచింది. వింటున్నవాళ్ళ గొంతులు ఎండిపోయాయి. బయట అంత వాన కురుస్తున్నా కొందరు నాలుకతో పెదవులు తడుపుకున్నారు.

"తాబేలు కొండ కొసకి చేరింది. అవతలికి తొంగి చూసింది," అన్నాడు సింగన్న. "అప్పుడు కళ్ళు తెరిచింది! చూస్తే ఎదురుగా నిండు చెరువు. పక్కనే చెల్లెలు. అదంతా కల!"

"ఆఁ!" అన్నారందరూ.

సింగన్న నవ్వాడు. కానీ ఈసారి ఆ శబ్దం వెనక ఇంకొకటి వచ్చింది. గుర్రుమని ఒక చప్పుడు. అది అడవిపంది గురవయ్యది. గురవయ్య మోటు మనిషిలాంటివాడు. ఏదీ మనసులో దాచుకోడు.

"ఒరే సింగన్నా, అయితే ఆ తాబేలు చెల్లెలు చావలేదా?"

"లేదు మామా. కల కదా!"

"మరి నేను ఇందాక ఏడ్చాను కదరా. అది కల కాదే!"

కొందరు నవ్వారు. సింగన్న కూడా నవ్వేశాడు. గురవయ్య మాత్రం నవ్వలేదు. లేచి వానలోకి వెళ్ళిపోయాడు.

అందరూ సర్దుకుని పడుకునే వేళకి ఉడుము అవ్వ సింగన్నని దగ్గరికి పిలిచింది. అవ్వ చాలా ముసలిది. చర్మం బండ రంగులో కలిసిపోయి, కదిలితే తప్ప కనిపించేది కాదు. సింగన్న తాత చెప్పిన కథలు కూడా విన్నది ఆమె.

"నాయనా, చిరుత కథ బాగుంది. ఇది బాగాలేదు," అంది అవ్వ.

"ఎందుకవ్వా? రెండిట్లోనూ చివర మలుపే కదా. రెండుసార్లూ ఆఁ అన్నారు కదా!"

"చిరుత కథ అయ్యాక అందరూ ఏం చేశారు? మనసులో మళ్ళీ మొదటికి పోయారు. పోయి చూస్తే అక్కడ అన్నీ ఉన్నాయి. నువ్వేమీ దాచలేదు. వాళ్ళే చూడలేదు. తాబేలు కథలో వెనక్కి పోతే ఏముంది? ఏమీ లేదు. వాళ్ళు నడిచిన దారిని నువ్వే తుడిచేశావు."

"విన్నంతసేపూ బాగుంటే చాలదా?"

"మలుపు ఉండాలి నాయనా. వద్దనను. కానీ దారి ఉన్నచోట తిరిగితేనే అది మలుపు. దారి లేనిచోట తిరిగితే లోయలో పడతాం. నువ్వు ఒక్కడివే పడితే పరవాలేదు. నీ వెనక ఇంతమంది నడుస్తున్నారు."

సింగన్న తల ఊపాడు. ఊపాడంతే. అవ్వ ముసలిదైపోయింది, కొత్త సంగతులు ఆమెకి ఎక్కవు అనుకున్నాడు.

ఆ తర్వాత పెద్ద వాన పడింది. ఎడతెరిపి లేకుండా పడింది. ఎర్రవాగు ఎప్పుడూ లేనంతగా పొంగింది.

దుప్పుల మందలో పొన్నమ్మ అనే తల్లి ఉండేది. ఆమెకి ఒక్కడే కొడుకు. ఇంకా పాలు వదలని పిల్ల. మంద వాగు దాటుతుంటే గట్టు విరిగింది. పొన్నమ్మ వెనక్కి తిరిగి చూసేసరికి పిల్లాడు ఎర్రటి నీళ్ళలో ఉన్నాడు. ఒక్కసారి తల పైకెత్తాడు. అంతే.

పొన్నమ్మ వాగు వెంబడి పరుగెత్తింది. మంద అంతా పరుగెత్తింది. దిగువన రాళ్ళ దగ్గర నీళ్ళు సుడి తిరుగుతున్నాయి. అక్కడి నుంచి ఎవరూ ముందుకి పోలేకపోయారు.

అప్పటి నుంచి పొన్నమ్మ గడ్డి ముట్టలేదు. తోటి దుప్పులు లేత ఆకులు తెచ్చి ముందు పెట్టేవి. వాటిని వాసన చూసి మొహం తిప్పుకునేది. పడగరాయి కింద ఒక మూల, వాగు వైపుకి తిరిగి కూర్చునేది. ఎవరితోనూ మాట లేదు. కానీ సాయంత్రం సింగన్న కథ మొదలుపెడితే మాత్రం ఆమె చెవి ఒకటి ఇటు తిరిగేది. మందలో వాళ్ళు అది చూసి సంతోషించారు. కథైనా వింటోంది, అదే పదివేలు అనుకున్నారు.

ఒక సాయంత్రం సింగన్న పిగిలిపిట్ట కథ ఎత్తుకున్నాడు.

"ఒక వాగు గట్టున చెట్టుంది. నీళ్ళ మీదికి వంగిన కొమ్మకి ఒక పిగిలిపిట్ట గూడు కట్టుకుంది. అందులో ఒక్కటే పిల్ల. వరద వచ్చింది. గట్టు సగం విరిగింది. కొమ్మ విరిగింది. గూడు నీళ్ళలో పడిపోయింది."

పొన్నమ్మ చెవి తిరిగింది. ఆ తర్వాత తల కూడా తిరిగింది.

"ఆ మర్నాటి నుంచి పిగిలిపిట్ట రోజూ తెల్లవారగానే ఆ విరిగిన గట్టు మీదికి వచ్చేది. అరిచేది. ఎలాగంటే, విన్నవాళ్ళ గుండె పట్టేసేలా అరిచేది. అప్పుడే మిగతా పిట్టలు తమ పిల్లల్ని వెంటబెట్టుకుని నీళ్ళకి వచ్చేవి. ఆ అరుపు వినలేక, పిల్లల్ని తోలుకుని ఎగువన రాళ్ళ దగ్గరికి పోయి తాగేవి. పాపం, పిచ్చిది, పోయిన పిల్లని పిలుస్తోంది అనుకునేవి."

ఈ మాటలు సింగన్న ఏమీ ఆలోచించి చెప్పలేదు. కథ నోటి నుంచి అలా వస్తూ ఉంది. కథకి తనదైన నడక ఒకటి దొరికింది. అది ఎటు పోతోందో కూడా పడగరాయి కింద అందరికీ లోపల తెలుస్తూనే ఉంది. తల్లి ఏడుస్తుంది. ఏడ్చి ఏడ్చి ఏదో ఒకనాటికి మళ్ళీ ఎగురుతుంది. అందరూ దానికి సిద్ధపడి కూర్చున్నారు.

సింగన్నకి అదే నచ్చలేదు. అందరికీ ముందే తెలిసిపోతే ఎలా? ఎవరూ ఉలిక్కిపడరు కదా! ఎవరూ ఆఁ అనరు కదా!

అతను మూలకి చూశాడు. పొన్నమ్మ మెడ చాచి వింటోంది. ఆమె అక్కడ ఉందని అతనికి తెలుసు. ఆమెకి ఏం జరిగిందో తెలుసు. అవ్వ మాటలు కూడా గుర్తొచ్చాయి. ఒక్క క్షణం ఆగాడు. ఆ ఒక్క క్షణంలో అతను ఇటు రావచ్చు, అటు పోవచ్చు. అతను అటే పోయాడు.

"కానీ ఆ పిల్ల చావలేదు!" అన్నాడు గట్టిగా. "వాగు నడుమ ఇసుక దిబ్బ మీద కూర్చుని ఉంది! రోజూ తల్లిని పిలుస్తూనే ఉంది. వరద హోరులో తల్లికే వినబడలేదు!"

"ఆఁ!"

ఎంత పెద్ద శబ్దమో! పైన బండ కూడా మోగింది. కుందేళ్ళు ఎగిరి దూకాయి. కొందరి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సింగన్న కళ్ళు మూసుకుని ఆ శబ్దాన్ని తాగాడు. అతను కళ్ళు మూసుకోకుండా ఉంటే పొన్నమ్మ మొహం చూసేవాడు. ఆమె లేచి నిలబడింది. వాగు వైపే చూస్తోంది.

తెల్లవారి చూస్తే పొన్నమ్మ చోటు ఖాళీగా ఉంది.

మంద నాలుగు దిక్కులకీ పరుగెత్తింది. అడుగుల జాడ తిన్నగా ఎర్రవాగు వైపు పోయింది. గట్టు దగ్గర అందరూ ఆగిపోయారు. వాగు నడుమ, వరద తగ్గి పైకి తేలిన ఇసుక దిబ్బ ఒకటి ఉంది. పొన్నమ్మ ఆ దిబ్బ మీద ఉంది. ఎండిన కొమ్మల కింద ముట్టెతో వెతుకుతోంది. పిలుస్తోంది. మళ్ళీ వెతుకుతోంది.

"పొన్నమ్మా! కదలకు! అక్కడే ఉండు!" అని మంద పెద్ద అరిచాడు.

ఆమెకి వినబడలేదు. దిబ్బ మొత్తం వెతికింది. తర్వాత ఇంకా దిగువన ఇంకో దిబ్బ కనిపించిందో ఏమో, నీళ్ళలోకి దిగింది. దిగగానే వాగు ఆమెని లాగేసింది. ఒక దుంగ వచ్చి కాలికి కొట్టింది. కాలు విరిగిన చప్పుడు గట్టు మీది వాళ్ళకి కూడా వినిపించింది.

దూకినవాడు గురవయ్య. అడవిపందులు బాగా ఈదుతాయి. అయినా ఆ నీళ్ళు ఈదదగ్గ నీళ్ళు కావు. ఆయన అడ్డంగా ఈది, ఆమె వీపుకి తన భుజం ఆన్చి, బండల మధ్యకి తోశాడు. తోసి తాను మాత్రం కొట్టుకుపోయాడు. దిగువన ఒక చెట్టు వేరుకి కోర తగిలి ఆగాడు. అందరూ కలిసి ఇద్దర్నీ పైకి లాగారు. గురవయ్య ఒళ్ళంతా గాయాలు. పొన్నమ్మ ముందు కాలు ఒకటి వేలాడుతోంది.

సింగన్న చెట్టు మీది నుంచి ఇదంతా చూశాడు. దిగి వచ్చాడు. ఎవరూ అతన్ని ఏమీ అనలేదు. అంటే బాగుండునని అతనికి అనిపించింది. అందరూ పక్కకి జరిగి అతనికి దారి ఇచ్చారు. అంతే.

పొన్నమ్మ అతన్ని చూసింది. ఆ చూపులో కోపం లేదు.

"దిబ్బంతా వెతికాను సింగన్నా," అంది. "నా బిడ్డ అక్కడ లేడు. మరి కథలో ఎందుకున్నాడు?"

సింగన్న తల దించుకున్నాడు. ఎందుకున్నాడు? తనకి ఒక శబ్దం వినాలనిపించింది కాబట్టి ఉన్నాడు. ఆ మాట ఎలా చెప్పడం?

ఆ రోజు నుంచి సింగన్న పడగరాయి కిందికి రావడం మానేశాడు. వానలో తడుస్తూ ఒక చెట్టు కొమ్మ మీదే ఉండిపోయాడు. సాయంత్రాలు కథ లేక పిల్లలు ఉరుములకి ఏడ్చేవాళ్ళు. ఆ ఏడుపు అతనికి వినిపించేది.

ఒకరోజు ఉడుము అవ్వ మెల్లగా పాక్కుంటూ ఆ చెట్టు దగ్గరికి వచ్చింది.

"పొన్నమ్మ నిన్ను పిలుస్తోంది," అంది.

"నేను రాలేను అవ్వా. ఇంకెప్పుడూ కథ చెప్పను. ఆమె కాలు..."

"ఆ కాలు మళ్ళీ మామూలు కాదు. కుంటుతూనే ఉంటుంది. నువ్వు కథ మార్చినంత తేలిగ్గా అది మారదు. నువ్వు నోరు మూసుకు కూర్చుంటే కూడా మారదు. ఆమె పిలిచింది. రా."

సింగన్న వెళ్ళాడు. పొన్నమ్మ మూలన పడుకుని ఉంది. విరిగిన కాలికి తీగలు చుట్టి ఉన్నాయి. పక్కటెముకలు లెక్కపెట్టేలా బయటికి కనిపిస్తున్నాయి. ముందు పెట్టిన ఆకులు అలాగే వాడిపోయాయి.

"నన్ను క్షమించు పొన్నక్కా," అన్నాడు సింగన్న. "పిల్ల బతికుందని అబద్ధం చెప్పాను. అందరూ ఆశ్చర్యపోవాలని చెప్పాను."

"అది నాకు వాగులోనే తెలిసింది," అంది పొన్నమ్మ. "కానీ నువ్వు ఆ కథని అక్కడే వదిలేసి పోయావు. ఆ పిట్టపిల్ల ఇంకా దిబ్బ మీదే ఉంది. పొద్దున లేస్తే దాని అరుపు వినిపిస్తోంది నాకు. అది లేదని తెలుసు. అయినా వినిపిస్తోంది. దాన్ని అక్కడ అలా ఉంచకు సింగన్నా. నువ్వే పెట్టావు. నువ్వే తియ్యి. కథ సరిచేసి చెప్పు."

సింగన్న బయటికి వచ్చి అవ్వ కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"ఎలా సరిచెయ్యను అవ్వా? పిల్ల చచ్చిపోయిందని చెప్పనా? అది ఆమెకి తెలిసిందే కదా. దేవుడొచ్చి బతికించాడని చెప్పనా? అది ఇంకో మోసం. నాకు ఏ ముగింపూ తోచడం లేదు."

"నీ బుర్రలో వెతకకు. అక్కడ ఉండదు," అంది అవ్వ. "కథలో వెతుకు. మొదటి నుంచి నీకు నువ్వు చెప్పుకో. నువ్వు ఏమేం చెప్పావో విను. చెప్పడమే తప్ప నువ్వు ఎప్పుడూ నీ కథ వినలేదు."

సింగన్న వాగు గట్టుకి పోయి కూర్చున్నాడు. కథ తనకి తానే చెప్పుకున్నాడు. విరిగిన గట్టు. తెల్లవారగానే పిట్ట అరుపు. నీళ్ళకి వచ్చే తల్లులు, పిల్లలు. మళ్ళీ మొదటి నుంచి చెప్పుకున్నాడు. విరిగిన గట్టు. సగం విరిగిన గట్టు. సగమే! మరి మిగతా సగం? అతను చటుక్కున లేచి నిలబడ్డాడు. కింద నీళ్ళు గట్టు మట్టిని కొద్దికొద్దిగా తింటూ పోవడం చూశాడు. చాలాసేపు అలాగే చూశాడు. అతని కళ్ళు నిండాయి.

ఆ సాయంత్రం అందరూ పడగరాయి కింద చేరారు. గురవయ్య కూడా వచ్చాడు, గాయాల మీద మట్టి పూసుకుని. సింగన్న ఎత్తు రాతి మీద కూర్చోలేదు. పొన్నమ్మ ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"ఆ పిట్టపిల్ల దిబ్బ మీద లేదు," అని మొదలుపెట్టాడు. "నేను తప్పు చెప్పాను. గూడు నీళ్ళలో పడిన రోజే ఆ పిల్ల పోయింది."

ఎవరో సన్నగా మూలిగారు. పొన్నమ్మ కదలలేదు.

"తల్లి రోజూ పొద్దున్నే సగం విరిగిన గట్టు మీదికి వచ్చి అరిచేది. నీళ్ళకి వచ్చిన పిట్టలు ఆ అరుపు వినలేక పిల్లల్ని తీసుకుని ఎగువకి పోయేవి. పిచ్చిది, పోయిన పిల్లని పిలుస్తోంది అనుకునేవి. ఇలా ఉండగా ఆ చోటికి కొత్తగా ఒక తల్లిపిట్ట వచ్చింది. దాని వెంట ఎగరడం నేర్చుకుంటున్న పిల్లలు. అవి గట్టు మీద వాలాయి. పిగిలిపిట్ట అరిచింది. కొత్త తల్లి లెక్కచెయ్యలేదు. పిగిలిపిట్ట ఇంకా గట్టిగా అరిచింది. రెక్కలు కొట్టుకుంటూ మీదికి వచ్చి అరిచింది. 'ఛీ, ఇదేం గోల! నీళ్ళు కూడా తాగనివ్వదు!' అని విసుక్కుని, కొత్త తల్లి పిల్లల్ని లేపుకుని పక్క చెట్టు మీదికి పోయింది. అది అలా వాలిందో లేదో..."

సింగన్న ఆగలేదు. ఎవరి మొహమూ చూడలేదు. అదే గొంతుతో చెప్పుకుపోయాడు.

"మిగతా సగం గట్టు కూడా నీళ్ళలోకి విరిగి పడింది. కింద మట్టి ఎప్పటి నుంచో కోసుకుపోతోంది. అది పిగిలిపిట్టకి ఒక్కదానికే తెలుసు. కొత్త తల్లి వణికిపోతూ దాని దగ్గరికి వచ్చింది. 'అమ్మా, నువ్వు నీ బిడ్డని పిలుస్తున్నావని అందరూ అన్నారు. నేనూ అదే అనుకున్నాను,' అంది. పిగిలిపిట్ట చెప్పింది: 'నా బిడ్డకి ఇక వినబడదని నాకు ఎప్పుడో తెలుసు తల్లీ. వినబడేవాళ్ళనే పిలుస్తున్నాను.'"

కథ అయిపోయింది.

ఎవరూ ఆఁ అనలేదు. గురవయ్య మొహం అటు తిప్పుకున్నాడు. దుప్పుల మందలో తల్లులు తమ పిల్లల్ని దగ్గరికి లాక్కున్నాయి. ముసలి కుందేలు పెదవులు కదులుతున్నాయి. మనసులో కథని మళ్ళీ మొదటి నుంచి చెప్పుకుంటోంది. తెల్లవారి అరుపు, ఎగువకి పోయిన పిట్టలు, సగం గట్టు. అన్నీ అక్కడే ఉన్నాయి.

సింగన్న ఆ శబ్దం కోసం ఎదురుచూడలేదు. అతను పొన్నమ్మ కోసం ఎదురుచూశాడు.

పొన్నమ్మ తల ఎత్తి అతన్ని చూసింది.

"ఆ గట్టు పడిపోయాక పిగిలిపిట్ట ఏం చేసింది సింగన్నా?"

"ఇక అక్కడ అరవాల్సిన పని లేదు కదక్కా. ఎగిరిపోయింది."

"ఏమన్నా తిన్నదా?"

"తిన్నది."

"ఏం తిన్నది?"

"నేరేడుపళ్ళు. కొత్త తల్లి, దాని పిల్లలు చూపించిన చెట్టు మీద. మొదట ఒక్కటే తిన్నది. తర్వాత ఇంకొకటి."

పొన్నమ్మ మూడు కాళ్ళ మీద మెల్లగా లేచింది. తోటి దుప్పులు సాయానికి వచ్చాయి. వద్దని తల ఊపింది. కుంటుకుంటూ బండ కింది నుంచి బయటికి వచ్చింది. వాన వెలిసింది. తడి గడ్డి మీద సాయంత్రపు వెలుగు పడుతోంది. ఆమె మెడ వంచింది. ఒక పరక కొరికి, చాలాసేపు నమిలింది. మింగింది. మళ్ళీ వంగింది.

మంద అంతా తొందరపడకుండా ఆమె చుట్టూ నిలబడింది.

నీతి: వినేవాళ్ళు మనల్ని నమ్మి మన వెనక నడుస్తారు, వాళ్ళని ఉలిక్కిపడేలా చేయడానికి దారి తప్పించకూడదు. కథ చివరి మలుపు వాళ్ళని మోసం చేయకూడదు, అప్పటిదాకా కళ్ళ ముందే ఉన్నా చూడని నిజాన్ని చూపించాలి.